చక్రవర్తి మనస్సు మార్చుకొన్న తీరు

ఎఱ్ఱగుడి బండలమీది అశోకుని మాటలు మన యింటికిని, మన ఆఫీసునకును ఏమి చెప్పుచున్నవి?

మనస్సు మార్చుకొనవలెనని ఒక్కమారైనను తలంపని మనుష్యుడు లేడు. ఉగాదినాడు కోపము మానెదననుకొనువారును, కొత్త ఉద్యోగమున చేరిననాడు అలసత్వమును విడిచెదననుకొనువారును, ఆసుపత్రినుండి ఇంటికి వచ్చిననాడు ఇకమీదట చిన్నవిషయములకు చింతింపనని ఒట్టు పెట్టుకొనువారును మన చుట్టునే యున్నారు. ఆ క్షణమున వారి సంకల్పము నిజమైనది. అందు కపటము లేశమును లేదు. అయినను పక్షము తిరుగకమున్నే పాత చూపు, పాత చిరాకు, పాత భయము తమ తమ స్థానములకు వచ్చి కూర్చుండును. అంతట ఆ మనుష్యుడు తనకు మనోబలము చాలదని తన్ను తానే నిందించుకొని, ఆ ప్రయత్నమునే విడిచిపెట్టును. ఈ నింద అన్యాయమని నా దృఢవిశ్వాసము. మనస్సును మనస్సుతోనే పట్టి త్రిప్పుట ఎంతటివానికిని దుష్కరమే. వంటయింటి లెక్కలోను, నడచు త్రోవలోను, ఎవరి మాట ఏ వేళకు చెవిని బడుననెడి ఏర్పాటులోను మార్పు పెట్టినవానికే లోపలి మార్పు నిలుచును. దీనికి మన ఆంధ్రదేశముననే శిలాక్షరములతో నొక సాక్ష్యము కలదు.

కర్నూలు జిల్లాలో, గుత్తికిని పత్తికొండకును నడుమ, ఎఱ్ఱగుడి యను పల్లె యున్నది. ఆ పల్లెకు చేరువనున్న గుట్ట బండలమీద, బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో, మౌర్యచక్రవర్తియైన అశోకుడు చెక్కించిన శాసనములు 2,200 సంవత్సరములకు పైగా ఎండవానల కోర్చి నిలిచియున్నవి. గడచిన శతాబ్దపు మూడవ దశకము ముగియు వేళకు ఒక భూగర్భశాస్త్రజ్ఞుని కంటబడి ఇవి లోకమునకు తెలియవచ్చినవి. పదునాలుగు ప్రధాన శిలాశాసనములును, లఘు శిలాశాసనములును ఒక్కచోటనే దొరకుట ఈ స్థలముయొక్క విశేషము. వీనిని రాజ్యవిస్తారమునకు ప్రమాణములుగా చరిత్రకారులు చదివిరి; లిపి పరిణామమునకు ఆధారములుగా లిపిజ్ఞులు చదివిరి. బుద్ధిపూర్వకముగా తన మనోవైఖరిని మార్చుకొనబూనిన యొక మనుష్యుడు, ఆ మార్పు సాగిన క్రమమును తానే వ్రాయించి పెట్టిన పత్రములుగా వీనిని చదువవలెనని నా కోరిక.

ఆ దృష్టితో చూచినపుడు మొదట మనలను నిలువరించునది లఘుశాసనము. అందులో చక్రవర్తి, తాను బౌద్ధోపాసకుడై రెండున్నర యేండ్లకు పైగా అయినదనియు, అందులో ఒక సంవత్సరము గట్టి ప్రయత్నమేమియు చేయలేదనియు, సంఘమును సమీపించిన తరువాత ఒక సంవత్సరమునుండియే తీవ్రముగా కృషి చేయుచున్నాననియు తెలుపుచున్నాడు. దిగ్విజయములను శిలలపై చెక్కించిన రాజులు లోకమున పెక్కుమంది యుండిరి. ఏడాదికాలము తన సంకల్పము ఊరక పడియుండెనని తన రాజ్యమంతట చాటించిన రాజును మఱియొకనిని నేనెరుగను. ఈ కృషిఫలము గొప్పవారికే గాక అల్పులకును, ప్రయత్నించినచో, సాధ్యమేయని కూడ ఆ శాసనమే చెప్పుచున్నది. సంకల్పమునకును ఆచరణకును నడుమ ఒక వ్యర్థసంవత్సరము గడచుట ఓటమి కాదనియు, ఆ నడుమ దూరమును దాటించినది ఏకాంతచింతన గాక ఒక సమాజముయొక్క సాన్నిధ్యమనియు ఈ చిన్నలేఖ వలన తేటపడుచున్నది.

ఆ మార్పునకు కారణమేమో త్రయోదశ శాసనము చెప్పును. పట్టాభిషేకమైన ఎనిమిదియేండ్లకు, అనగా క్రీ.పూ. 261 ప్రాంతమున, కళింగము జయింపబడెను. అందు 1,50,000 మంది చెఱబట్టి కొనిపోబడిరి, 1,00,000 మంది చంపబడిరి, అంతకు ఎన్నోరెట్లు మరణించిరి. ఈ సంఖ్యలు అందరు ఎరిగినవే. అయితే ఆ శాసనమున ఈ సంఖ్యలకంటె నన్ను ఎక్కువగా కదలించు భాగము వేరొకటి యున్నది. తమ కేహానియు కలుగనివారు సైతము, తాము ప్రేమించు మిత్రులును బంధువులును ఆపదపాలగుటచేత, ఆ ఆపదను తమదిగానే అనుభవింతురని చక్రవర్తి గుర్తించుచున్నాడు. జయించినవాని దృష్టికి యుద్ధమున చచ్చినవారు కొందరు, బ్రదికినవారు కొందరు, అంతే. ఆ లెక్కలో ఎక్కడను ఎక్కనివాని దుఃఖమును, తన యింట సురక్షితముగా కూర్చుండి మిత్రునికై ఏడ్చువాని దుఃఖమును చూచుటకు, చూచు స్థానమే మారవలెను. మనోవైఖరి మారుటయనగా నాకు తోచిన యర్థమిది: ఇంతకుముందు మన లెక్కకు రానివారు లెక్కకు వచ్చుట.

ఇంతమాత్రముచేత ఆతనిని దేవునిగా జేయబనిలేదు. ఆ శాసనముననే అడవిజాతులకు, తనకు పశ్చాత్తాపమున్నను దండించు శక్తియు నున్నదని హెచ్చరిక కలదు. చెఱబట్టబడినవారిని తిరిగి వారి యూళ్లకు పంపితినన్న మాట అందులో లేదు. కళింగము కళింగులకు ఈయబడలేదు. ఇంకొక సంగతి: ఈ పశ్చాత్తాప శాసనము ఎఱ్ఱగుడిలో నున్నది, దూరమైన వాయవ్యమున నున్నది, కాని ఏ కళింగమునుగూర్చి పశ్చాత్తాపపడెనో ఆ కళింగమునందలి ధౌళిలోను, ఋషికుల్యానదీతీరమునందలి జౌగడలోను దానిని చెక్కింపలేదు. మనస్సు మారినవాడు తన వలన గాయపడినవారి యెదుట నిలుచుటకు జంకుట మానవసహజమో, లేక వారి గాయమును మరల రేపరాదన్న వివేకమో, నేడెవరు చెప్పగలరు? అసంపూర్ణమైన మార్పును గూడ మార్పేయని నేను గ్రహించుచున్నాను. సంపూర్ణుల కథలవలన మనవంటివారికి ప్రయోజనము తక్కువ.

వంటయింటి లెక్క

ప్రథమశాసనము అహింసను ప్రశంసించుటతో తృప్తిపడక వంటశాలలోనికి పోవును. పూర్వము రాజుగారి పాకశాలలో కూరలకై దినదినమును లక్షలకొలది ప్రాణులు చంపబడుచుండెననియు, ఈ శాసనము వ్రాయించునాటికి మూడే చంపబడుచున్నవనియు, అవి రెండు నెమళ్లును ఒక లేడియు అనియు, ఆ లేడియైనను ప్రతిదినము కాదనియు, ముందుముందు ఈ మూడును చంపబడవనియు అందు చెప్పబడినది. ఈ లెక్కను మొదటిసారి చదువువానికి వింతగా నుండును. అహింసావ్రతము పూనిన చక్రవర్తి ఆ మూటిని మాత్రము ఏల మిగిల్చెను? ఒక్క యాజ్ఞతో మాన్పింపజాలడా? జాలును. కాని ఆతడు తన రుచికి, తన పరివారపు అలవాటునకు, తన పాకశాలయందలి వంటవాండ్ర జీవితమునకు కొంత గడువిచ్చి, ఆ గడువును దాచక, మిగిలినదానిని పేరుపేరున బయలుపెట్టెను. మార్పు పూర్తియైన పిదప చాటువాడు కీర్తికై చాటును. మార్పు నడుచుచుండగానే ఇంకను ఇంత మిగిలియున్నదని చెప్పువాడు తనకుతాను కాపలా పెట్టుకొనును. నాకు ఈ రెండు నెమళ్లు, ఒక లేడి ఆ మహాశాసనములన్నింటిలో మిక్కిలి సత్యమైన వాక్యముగా తోచుచున్నవి.

అటులనే అష్టమశాసనము విహారయాత్రల మాట చెప్పును. వెనుకటి రాజులు వేటకును వినోదమునకును యాత్రలు పోవుచుండిరి. అశోకుడు పట్టాభిషేకానంతరము పదియేండ్లకు సంబోధికి, అనగా బుద్ధగయకు పోయి, అది మొదలు ఆ యాత్రలను ధర్మయాత్రలుగా మార్చెను. బ్రాహ్మణులను శ్రమణులను దర్శించుట, వృద్ధులకు బంగారమిచ్చుట, జనపదములందలి సామాన్యులను కలిసికొని మాటలాడుట అందలి కార్యక్రమము. గమనింపదగిన దేమనగా, ఆతడు యాత్ర మానలేదు. కాలిలోని చలనేచ్ఛ యథాతథముగా నుండెను. దారి చివర కనబడువారు మాత్రము మారిరి. వేటకు పోయినవానికి అడవి కనబడును. జనపదములకు పోయినవానికి జనులు కనబడుదురు. ఏండ్ల తరబడి కనబడినదే క్రమముగా మనస్సగును. షష్ఠశాసనమున ఇంకొక ఏర్పాటు: తాను భోజనము చేయుచున్నను, అంతఃపురమున నున్నను, ఉద్యానమున నున్నను, ప్రజలకార్యములను నివేదింపవచ్చిన ప్రతివేదకులను ఆపరాదని. ప్రజలయందు దయ కలిగియుందునని ప్రతిజ్ఞ చేయుట సులభము. అన్నము ముందు కూర్చున్నపుడు తలుపు తెఱచియుంచుట కష్టము. ఆ కష్టమైనదానినే ఆతడు నియమముగా పెట్టుకొనెను.

తోసలి న్యాయాధికారులకు

ధౌళి, జౌగడలయందు త్రయోదశశాసనమునకు బదులుగా చెక్కించిన ప్రత్యేకశాసనములలో మొదటిది, తోసలి మొదలైన ఆ ప్రాంతపు నగరములందలి న్యాయాధికారులను ఉద్దేశించినది. ఉద్యోగియొక్క మనోవైఖరిని గురించి ఇంతకంటె ప్రాచీనమై, ఇంతకంటె నేటికి పనికివచ్చు పత్రము మన దేశమున అరుదు. అకారణముగా ఎవడో ఒకడు చెఱసాలలో పడుచున్నాడు, అనేకులు బాధపడుచున్నారు; మీరు మధ్యస్థభావముతో నడువవలెను అని హెచ్చరించి, ఆ మధ్యస్థభావమును చెఱచునవి యేవో చక్రవర్తి ఎన్నిచెప్పెను: అసూయ, ఆకస్మికకోపము, నిష్ఠురత, తొందరపాటు, అభ్యాసలోపము, సోమరితనము, అలసట.

ఈ పట్టికను మెల్లగా చదువవలెను. మొదటి మూడును ఏ నీతిగ్రంథమునందైనను దొరకు దోషములు. తొందరయు, అభ్యాసలోపమును, అలసటయు నీతిదోషములు కావు. అవి పనిచేయు తీరునకును దేహమునకును సంబంధించినవి. అలసిన న్యాయాధికారి దుర్మార్గుడు కాకయే అన్యాయము చేయగలడని ఆనాడే గుర్తించిన పాలకుని మనస్సు సామాన్యమైనది కాదు. తెలంగాణములో సోమవారమునాడు కలెక్టరు కార్యాలయములలో జరుగు ప్రజావాణిని తలంచుకొనుడు. పింఛను రానివాడు, పట్టాపుస్తకమున పేరు తప్పుగా పడినవాడు, సరిహద్దు తగాదాతో విసిగినవాడు, తెల్లవారకమున్నే బస్సెక్కి వచ్చి, వరుసలో నిలుచును. తొలి అర్జీని చేతబట్టిన అధికారియు, మధ్యాహ్నపు చివరి అర్జీని చేతబట్టిన అధికారియు ఒక్కడే. కాని ఆ రెండు వేళలందలి మనస్సులు రెండు. చివరివాని అర్జీ పైవాక్యము చదువుటతోనే, ఇటువంటివి చాల చూచితిమని చేయి సంతకమునకు సాగును. ఇచట అధికారికి సానుభూతిని బోధించుటవలన లాభము స్వల్పము. పన్నెండు గంటలకు పది నిమిషములు లేచి నడచివచ్చు ఏర్పాటును, దూరపు పల్లెలనుండి వచ్చిన వృద్ధుల అర్జీలను మొదట తీసికొను ఏర్పాటును, వచ్చినవాని పేరు పెట్టి పిలిచి కూర్చుండుమని చెప్పిన పిదపనే కాగితము విప్పు ఏర్పాటును చేసినచో, ఆ సానుభూతి తనంతట తానే కొంత మేల్కొనును.

అశోకుడును ఆ పనియే చేసెను. ఈ శాసనమును తిష్యనక్షత్రమునాడు, అనగా మన పుష్యమినాడు, చదివి వినిపింపవలెననియు, నడుమ నడుమ అవకాశము కలిగినపుడు ఒక్కనికైనను వినిపింపవచ్చుననియు విధించెను. పరుషుడును చండుడును కాని యొక మహామాత్రుని అయిదేండ్ల కొకమారు పంపి, ఈ యుద్దేశము నెరవేరుచున్నదో లేదో విచారింపజేసెను. ఉజ్జయినినుండియు తక్షశిలనుండియు మూడేండ్లు దాటకుండ పంపుమనెను. ఒకమారు విన్న బోధ మనస్సున నిలువదని ఎరిగినవాడు గనుక పునఃశ్రవణమునకు నక్షత్రమును నిర్ణయించెను. నేటి సంస్థలలో ఏడాదికొకమారు శిక్షణశిబిరము పెట్టి, మధ్యాహ్నభోజనము పెట్టి, మనోవైఖరి మార్చుకొనుడని ఉపన్యసించి పంపివేయుదురు. మరునాటినుండి అదే బల్ల, అదే వరుస, అదే గడియారము. ఈ శిబిరములయందు చెప్పబడు మాటలలో తప్పు లేదు. వాని పిదప పుష్యమి లేదు.

మనస్సునకు చిన్నయేర్పాటు చేసిపెట్టి గొప్పమార్పును సాధించినవారు చక్రవర్తులలోనే కాదు, పండితులలోను ఉండిరి. ఛార్లెస్ డార్విన్ స్వీయచరిత్రలో తాను చిరకాలము పాటించిన యొక నియమమును చెప్పెను: తన సిద్ధాంతమునకు విరుద్ధమైన విషయమేదైనను కంటబడినచో, తలపునకు వచ్చినచో, ఆలసింపక అప్పటికప్పుడే వ్రాసికొనుట, ఏలయనగా అనుకూలమైనవి జ్ఞప్తియందుండును, ప్రతికూలమైనవి త్వరగా జారిపోవును అని ఆతని అనుభవము. నిష్పక్షపాతముగా నుందునని ఆతడు తన మనస్సును నమ్మలేదు; కాగితమును కలమును నమ్మెను.

మన గిడుగు వేంకటరామమూర్తిగారి జీవితమునందును ఇట్టిదే యొక ఘట్టమున్నది. దానిని తలంచినపుడెల్ల నాకు గౌరవము ఇనుమడించును. 1863లో శ్రీకాకుళము చేరువను పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, ముఖలింగక్షేత్రమునందలి ప్రాచీనశాసనములను స్వయముగా చదువగలిగిన పాండిత్యము సంపాదించిన ఆయన, ఆ పట్టణమునకు కొండలనుండి దిగివచ్చు సవరలను చూచెను. పట్టణవాసుల దృష్టికి వారు కట్టెలు మోయువారు, చదువు రానివారు. వారియందు గౌరవము వహింపవలెనని ఆయన ఇతరులకు ఉపన్యసించుటతో ఆగలేదు. తానే వారికి శిష్యుడయ్యెను. సవరభాష వచ్చినవానిని ఇంట పెట్టుకొని ఆ భాష నేర్చెను, కొండలకు పోయెను, మన్యపు జ్వరము తగిలి, దానికై మ్రింగిన క్వినైను వలన వినికిడి దెబ్బతినెను. ధ్వనులను పట్టుకొని భాషను వ్రాయబూనినవానికి చెవులు పోవుటకంటె కష్టమేమున్నది? అయినను విడువక, సవరపిల్లలకు బడులు పెట్టించెను, వారికి వాచకములు వ్రాసెను; 1931లో సవరభాషా వ్యాకరణమును, 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువును వెలువరించెను. గురుపీఠమునుండి దిగి శిష్యస్థానమున కూర్చుండినవాని కంటికి ఎదుటివాడు అజ్ఞాని గాక అధ్యాపకుడగును. ఆ స్థానము మార్చుకొనుటయే ఆయన చేసిన పని. తక్కినదంతయు దానినుండి వచ్చినదని నా యభిప్రాయము.

మన యోగశాస్త్రము ఈ ప్రయత్నమునకు ప్రతిపక్షభావనమని పేరిడినది. హింసాదులైన తలంపులు బాధించునపుడు వానికి విరుద్ధమైనదానిని భావింపుమని పతంజలి విధించెను. అభ్యాసము దృఢమగుటకు దీర్ఘకాలము, ఎడతెగమి, ఆదరము అను మూడును కావలెననియు ఆతడే చెప్పెను. మొదటి రెంటిని అందరు జ్ఞాపకముంచుకొందురు. ఆదరమును మఱచుటచేత మార్పు శిక్షగా మారి, మనుష్యుడు తన్నుతాను దూషించుకొనుచు, ఆ దూషణమునే సాధనమనుకొని భ్రమపడుచున్నాడు.

ఇక ఇంటి మాట. సాయంకాలము ఏడుగంటలకు, బండి పొగతోను అధికారి మాటలతోను తల వేడెక్కి ఇల్లుచేరిన తండ్రి, చెప్పులు విడుచుచునే, ‘‘ఏరా, లెక్కల్లో ఎన్ని వచ్చినవి?’’ అని అడుగును. పిల్లవాడు మెల్లగా చెప్పును, లేక చెప్పడు, అంతట కేకలు. ఆ తండ్రి మంచివాడే. ఇకమీదట అరువనని భార్యతో పలుమారు చెప్పినవాడే. తోసలి పట్టికలోని తొందరయు అలసటయు ఆ గుమ్మమువద్ద ఆతనికై కాచుకొనియున్నవి. ఆ ప్రశ్నను గుమ్మమునుండి తొలగించి, స్నానమును భోజనమును అయిన పిదప, పిల్లవాని పుస్తకము తెఱచి ప్రక్కను కూర్చుండిన వేళకు మార్చినచో, ప్రశ్నయే వేరుగా వచ్చును. ఎన్ని వచ్చినవని గాక ఎక్కడ చిక్కినదని అడుగబుద్ధియగును. కోపము వచ్చినదినమున గోడమీది క్యాలెండరులో తానే ఒక గుర్తు పెట్టుకొని, నెల చివర ఇంకను ఇన్ని మిగిలినవని ఇంటివారితో పలుకుట గూడ చక్రవర్తికి తగినపనియే. కోడలి పనియందు తప్పులే కనబడు అత్తగారును, పాఠము రాని పిల్లలను వెనుక బల్లలకు త్రోసిన ఉపాధ్యాయుడును, కొత్తగా చేరిన కుఱ్ఱవాని ప్రశ్నలకు విసుగుకొను పాతగుమాస్తాయు తమ తమ గుమ్మములను వెదకికొనవలసియుండును. అవి ఎవరికి వారికే తెలియును.

మారినవానికి మిగులు చివరికష్టము ఇతరుల జ్ఞాపకము. రెండవ ప్రత్యేకశాసనము దీనినిగూర్చియే. తన యేలుబడికి లోబడని సరిహద్దుజనులు, ఈ రాజు మమ్ము ఏమి చేయదలచినాడోయని శంకింతురని అశోకునకు తెలియును. కళింగమున జరిగినదానిని చూచినవారు శంకింపక ఎట్లుందురు? నన్ను నమ్ముడని వారిని ఆజ్ఞాపించుటకు ఆతడు పూనుకొనలేదు. వారు భయపడకుండునట్లును, తనవలన వారికి దుఃఖము గాక సుఖమే కలుగునని వారికి విశ్వాసము కుదురునట్లును నడచుకొను భారమును తన అధికారులపై పెట్టి, ఆ శాసనమును నాలుగేసి మాసముల కొకమారు వినిపింపుమని కట్టడిచేసెను. విశ్వసించు బాధ్యతను ఆతడు భయపడినవారిపై మోపలేదు. భయపెట్టినవాడు తనవైపే ఉంచుకొనెను. తండ్రి అరచుట మానిన తరువాత గూడ ఎన్నో నెలలు పిల్లవాడు మార్కుల కాగితమును పుస్తకములనడుమ దాచుచునే యుండును. అట్లు దాచినది బయటపడిననాడు దానిని కొత్త నేరముగా ఎంచక, మునుపటి కేకలకు ఇంకను తీరని బాకీగా ఎంచి, కాగితమును మడతపెట్టి వాని చేతికే ఇచ్చి, తప్పిన లెక్కను వానితో కూర్చుండి చేయింపవలెను.